ఆకు కోసం పైకి చూసే ముందు మాను చూడండి

బెజవాడలోనో గుంటూరులోనో రోడ్డు మీద ఎవరినైనా ఆపి ఇదేం చెట్టండీ అని అడిగి చూడండి. ముందు తల పైకెత్తుతారు. ఆకు కనపడుతుందా, పువ్వుందా, కాయుందా అని వెతుకుతారు, ఏదీ తెలియకపోతే "ఏదో నీడ చెట్టులెండి" అనేసి వెళ్లిపోతారు. కాస్త ఓపికున్నవాళ్లు ఫోను తీసి, ఎక్కడో ముప్ఫై అడుగుల పైన ఎండకి అడ్డంగా ఉన్న కొమ్మని జూమ్ చేసి ఫొటో తీస్తారు. ఆ నల్లటి మరకని చూసి యాప్ ఓ నాలుగు పేర్లు చెబుతుంది, వాటిలో ఏది నిజమో తేల్చుకోవడానికి మళ్లీ ఆకే కావాలి. ఇంత హైరానా పడుతున్నంతసేపూ చెట్టు గురించి తెలుసుకోవాల్సిందంతా మన కళ్లకెదురుగానే, చేతికందే ఎత్తులోనే ఉంటుంది. మాను ఉంది, దాని మీద బెరడు ఉంది, నాలుగడుగులు వెనక్కి వేస్తే చెట్టు మొత్తం ఎలా నిలబడిందో, కొమ్మలు ఎట్నుంచి ఎటు వెళ్లాయో కనపడుతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. చెట్లని గుర్తుపట్టడం పిల్లలకి గానీ పెద్దలకి గానీ నేర్పాలంటే బెరడు దగ్గర, చెట్టు నిలువు (అంటే చెట్టు మొత్తం నిలబడ్డ తీరు) దగ్గర మొదలుపెట్టాలి. ఆకూ పువ్వూ ఆ తరవాత. మనం సరిగ్గా తిరగేసి నేర్పుతున్నాం, అందుకే ఏ పాఠమూ నిలవడం లేదు.

బైపీసీ పిల్లల్నే తీసుకోండి. ఈ రెండు ఊళ్లల్లో వాళ్లకి కొదవ లేదు. ఫాబేసి, సొలనేసి, లిలియేసి అంటూ కుటుంబాల లక్షణాలు, పుష్ప సూత్రాలు, పుష్ప చిత్రాలు నిద్రలో లేపి అడిగినా అప్పచెబుతారు. కేసరాలెన్ని, అండాశయం పైనుందా కిందుందా, అన్నీ నోటికొచ్చు. హాస్టలు గేటు పక్కన రెండేళ్లుగా వాళ్లకి నీడ ఇస్తున్న చెట్టు ఆ ఫాబేసి కుటుంబానిదేనని మాత్రం తెలియదు. తప్పు పిల్లలది కాదు. పువ్వుతో మొదలుపెట్టడం అనేది లిన్నేయస్ 18వ శతాబ్దంలో కేసరాల లెక్క పెట్టి మొక్కల్ని తరగతులుగా విడగొట్టిన దగ్గర్నుంచీ వస్తున్న అలవాటు. వర్గీకరించడానికి పువ్వే మంచి ఆధారం, అందులో నాకు పేచీ లేదు. కాకపోతే చుట్టరికం కలపడం వేరు, మనిషిని చూడగానే పోల్చుకోవడం వేరు. ఏడాదిలో ఇరవై రోజులు మాత్రమే కనపడే పువ్వుని నమ్ముకుంటే మిగతా రోజులన్నీ ఆ చెట్టు మనకి పరాయిదే.

అడవుల్లో పనిచేసినవాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. జె.ఎస్.గాంబుల్ అనే అటవీ అధికారి 1881లో భారతదేశపు కలప చెట్ల మీద ఒక పెద్ద పుస్తకం అచ్చువేశాడు. మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాలం రాసినాయన ఈయనే. కలప పుస్తకంలో చెట్టు పేరు చెప్పాక అది ఎంత చెట్టు అన్నది, ఆ వెంటనే బెరడు: ఎంత మందం, ఏ రంగు, పగుళ్లు నిలువా అడ్డమా. అడవిలో నిలబడ్డవాడికి ముందు కనపడేది అదే కాబట్టి ఆ వరస పెట్టుకున్నాడు.

అసలు బెరడు ఒక్కో చెట్టుకి ఒక్కోలా ఎందుకుంటుంది? ఇది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మాను లోపల్నుంచి లావెక్కుతుంది. పైన ఉన్న బెరడు చాలా వరకు చచ్చిన కణాలే, అవి సాగవు. లోపల్నుంచి ఒత్తిడి వస్తే చీలతాయి. ఎలా చీలతాయి అన్నది లోపల బెండు (కార్కు) తయారుచేసే పొర ఎలా ఏర్పడింది అన్నదాని మీద ఆధారపడుతుంది. (1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి మొదటిసారి "కణం" అన్నది ఈ బెండునే.) ఆ పొర ఒకటే ఏళ్ల తరబడి బతికి మానుతో పాటు తనూ పెరుగుతూ పోతే బెరడు నున్నగా ఉంటుంది. ఆ పొర చచ్చిపోయి దాని కింద ఇంకోటి, ఆ కింద ఇంకోటి చిన్న చిన్న ముక్కలుగా పుడుతుంటే బెరడు పొలుసులుగా, పెచ్చులుగా లేస్తుంది. మాను చుట్టూ పూర్తి వలయంగా పుడితే పల్చటి రేకులుగా ఊడుతుంది. లోపల నార ఎక్కువుంటే చీలిక నిలువుగా పీచుపీచుగా వస్తుంది. అంటే బెరడు మీది గీతలు ఎండకీ వానకీ ఎలా పడితే అలా పడ్డవి కావు. ఆ జాతి పెరిగే తీరే అక్కడ బయటకి కనపడుతోంది. కాబట్టి అది చూసి పేరు చెప్పడం ఊహాగానం కాదు.

రెండు మద్దిచెట్లని పక్కపక్కన పెట్టి చూస్తే ఇది అరటిపండు ఒలిచినట్టు అర్థమవుతుంది. తెల్లమద్ది ఏటి ఒడ్డు చెట్టు, వాగుల పక్కన, కాలవల పక్కన బాగా వస్తుంది, పార్కుల్లోనూ రోడ్ల పక్కనా నాటుతున్నారు. దాని మాను దగ్గరికెళ్లి అరచెయ్యి ఆనించండి. నున్నగా, చల్లగా ఉంటుంది. దూరం నుంచి తెల్లగా కనపడేది దగ్గరికెళితే ఒక్క రంగు కాదు, బూడిద మీద లేత గులాబీ, అక్కడక్కడ పచ్చచాయ. ఎందుకంటే పాత బెరడు అరచేతి వెడల్పు పెచ్చులుగా అంచులు లేచి ఊడిపోతుంటుంది, నిన్నమొన్న ఊడినచోట కొత్త బెరడు గులాబీ రంగులో, ఎప్పుడో ఊడినచోట బూడిద రంగులో ఉంటుంది. ఆ పెచ్చు అంచు పట్టుకు చూస్తే పలచగా, పెళుసుగా విరుగుతుంది. మాను మొదట్లో వేర్లు పలకల్లా లేచి ఉంటాయి. ముదురు చెట్టయితే మాను గుండ్రంగా ఉండదు, లోపలికీ బయటికీ వంపులు తిరిగి ఉంటుంది. ఇన్ని గుర్తులు చేతికందే ఎత్తులో పెట్టుకుని నిలబడిన చెట్టుకి ఆకు కోసం పైకి చూడటమెందుకు?

దానికి స్వయానా దాయాది నల్లమద్ది. ఒకే ప్రజాతి (జీనస్), ఆకులూ కాస్త దగ్గరగానే ఉంటాయి, కాయలకి రెంటికీ అయిదేసి రెక్కలు. ఆకుని నమ్ముకున్నవాడు తడబడేది ఇక్కడే. బెరడు చూస్తే మాత్రం చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు, ఎందుకంటే నల్లమద్ది బెరడు ముదురు బూడిద నుంచి నలుపు, లోతుగా నిలువునా అడ్డంగా చీలి చతురస్రపు బిళ్లలుగా విడిపోయి అచ్చం మొసలి వీపులా ఉంటుంది. వేలి కొన ఆ చీలికలో దూరుతుంది. ఆ మందపాటి బెరడే ఎండాకాలం అడవికి నిప్పంటుకుంటే దాన్ని కాపాడుతుంది.

2024 మార్చిలో ఈ చెట్టు మన రాష్ట్రంలో అందరి ఫోన్లలోకీ వచ్చింది, గుర్తుందా? పాపికొండల నేషనల్ పార్కులో అటవీ అధికారులు ఒక నల్లమద్ది మాను మీద గాటు పెడితే నీళ్లు ధారగా చిమ్మిన వీడియో. ఆ సంగతి వాళ్లకి చెప్పింది అక్కడి కొండరెడ్లు. నల్లమద్ది మానులో నీళ్లు నిలవుంటాయని, మాను మీద ఉబ్బుగా ఉన్నచోటు చూసి తెలుసుకోవచ్చని వాళ్లకి తరాలుగా తెలుసు. వీడియో చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు గానీ నన్ను కదిలించింది నీళ్ల ధార కాదు. అడవిలో వేల మానుల మధ్య జాతిని బెరడుతో పోల్చుకుని, ఆ జాతిలో కూడా ఏ మానులో నీళ్లున్నాయో ఉబ్బుని బట్టి చెప్పగల చూపు. దాన్ని మనం "గిరిజనుల అద్భుతం" అని ఒక మాటలో తేల్చేశాం. అది అద్భుతం కాదు, చదువు. బెరడు చదవడం వాళ్లు చిన్నప్పట్నుంచీ నేర్చుకుంటారు, మనం నేర్చుకోలేదు, అంతే తేడా.

ఆ చదువు మన ఊళ్లల్లోనూ ఇంకా కొన్ని చోట్ల మిగిలే ఉంది. మా ఇంటి ద్వారబంధాలకి కలప కోసం గుంటూరులో ఒక సామిల్లుకి వెళ్లినప్పుడు అక్కడ దుంగలు దించుతున్న ఒక పెద్దాయన్ని చూశాను. లారీలో వచ్చినవి అన్నీ కలగలుపు, కొమ్మా రెమ్మా కొట్టేసిన మొద్దులు, ఆకన్నది ఒక్కటి లేదు. ఆయన దుంగ కింద పడటం ఆలస్యం, ఇది వేప, ఇది తుమ్మ, ఇది దిరిసెన అని విడివిడిగా పేర్పిస్తున్నాడు.

"ఎట్టా చెబుతున్నావు బాబాయ్, అన్నీ నల్లగానే ఉన్నాయిగా?" అన్నాను.

"నల్లగా ఉండటంలో తేడా లేదా అమ్మాయ్? ఇదిగో, ఈ గాడి చూడు, మొదట్నుంచి చివరిదాకా తెగకుండా పోయింది. తుమ్మ. వేపకి అట్టా పోదు, మధ్యమధ్య తెగుద్ది, పట్టీల మాదిరి లేస్తది. గిల్లి చూడు, లోపల ఎర్రగా పీచు వస్తది."

గిల్లి చూశాను. పైన బూడిద పెంకు ఊడి కింద ఎర్రటి నార వచ్చింది, వేలికి ఆ చేదు వాసన అంటుకుంది. ఆయన చెప్పింది ఏ వృక్షశాస్త్ర పుస్తకానికీ తీసిపోదు. పగులు తెగుతుందా తెగదా, పెచ్చు పట్టీగా లేస్తుందా బిళ్లగా లేస్తుందా, లోపలి రంగేంటి, వాసనేంటి. ఈ నాలుగూ చూస్తే మన చుట్టూ ఉన్న చెట్లలో చాలావాటికి పేరు దొరుకుతుంది.

తుమ్మల సంగతే ఇంకొంచెం చెబుతాను, గుంటూరు, పల్నాడు వైపు వాళ్లకి ఇది రోజూ కనపడేదే కాబట్టి. నల్లతుమ్మ బెరడు దాదాపు నలుపు, నిలువు గాడులు లోతుగా ఉంటాయి, తోళ్లు ఊనడానికి వాడేది ఈ బెరడే. తెల్లతుమ్మ దానికి పూర్తిగా ఎదురు, లేత పసుపు కలిసిన తెలుపు, దూరం నుంచే మాను మెరుస్తూ కనపడుతుంది, పైన కొమ్మలు పల్చగా పరుచుకుంటాయి. సర్కారు తుమ్మ ఈ రెండూ కాదు, బయటి ఖండం నుంచి తెచ్చి వదిలితే ఊరి మీద పడింది. దానికి సరైన మాను ఉండదు, నేల దగ్గర్నుంచే నాలుగైదు కాండాలు వంకర్లు తిరుగుతూ లేస్తాయి. మూడింటికీ ముళ్లుంటాయి, మూడింటికీ చిన్న చిన్న ఆకులే, పక్కనుంచి బస్సులో పోతూ ఆకు చూసి తేడా చెప్పమంటే ఎవరివల్లా కాదు. బెరడు, నిలువు చూసి చెప్పమంటే బస్సు ఆగక్కర్లేదు.

ఇక నిలువు గురించి. దీన్నే ఎక్కువమంది పట్టించుకోరు, నా దృష్టిలో బెరడు కన్నా ఇదే ముందు పట్టుబడుతుంది, ఎందుకంటే దూరం నుంచే పని చేస్తుంది. చెట్టు కొమ్మ వేయడం ఇష్టమొచ్చినట్టు జరగదు. ఫ్రాన్సిస్ హాలే, రోలోఫ్ ఓల్డెమన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1970లో ఉష్ణమండలపు చెట్ల నిర్మాణం మీద ఒక పద్ధతి ప్రతిపాదించారు. మొగ్గ ఎక్కడ వేస్తుంది, కొమ్మ పైకి పోతుందా పక్కకి పోతుందా, ఆగి ఆగి పెరుగుతుందా ఆగకుండా పెరుగుతుందా అన్న లెక్కన చూస్తే ఇన్ని వేల జాతులూ 20 పైచిలుకు నమూనాల్లో ఇమిడిపోతాయన్నది ఆ తరవాత తేలింది. మన పెరళ్లలో ఉండే బాదం చెట్టు అందులో ఒక నమూనాకి పెట్టింది పేరు. మాను నిటారుగా పోతుంది, కొంత ఎత్తు పెరిగి ఆగినప్పుడల్లా చుట్టూ ఒక అంతస్తు కొమ్మలు వేస్తుంది, మళ్లీ పెరుగుతుంది, మళ్లీ ఇంకో అంతస్తు. ఒక్కో కొమ్మ పక్కకి కొంత దూరం పోయి కొన పైకి తిరిగి ఆకుల గుత్తి పెడుతుంది, ఆ గుత్తి కింద నుంచి కొత్త కొమ్మ ఇంకొంచెం పక్కకి పోతుంది. ఒకసారి ఇది దగ్గరగా చూశారంటే ఇక బాదం చెట్టుని వంద గజాల నుంచి, చీకట్లో ఆకారం మాత్రమే కనపడుతున్నా గుర్తుపడతారు. బూరుగ కూడా అంతస్తులు అంతస్తులుగానే వేస్తుంది గానీ దాని కొమ్మలు బారుగా, ఖాళీగా ఉంటాయి, లేత మాను మీద శంకువుల్లాంటి ముళ్లుంటాయి, ముదిరేకొద్దీ అవి పోయి మొదట్లో పలకలు లేస్తాయి. ఏడాకుల పాల కూడా అంతస్తులే, గిల్లితే పాలొస్తాయి.

మన రోడ్ల పక్కన మహావృక్షంలా పరుచుకునేది నిద్రగన్నేరు. దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చింది. ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ, మాను పొట్టిగా ఉండి అక్కణ్నుంచే చేతులు బార్లా చాపినట్టు లావు కొమ్మలు వెళతాయి. బెరడు ముదురు బూడిద, గరుకు, నిలువు గట్లు. దీనికీ దిరిసెనకీ పొరబడేవాళ్లు లెక్కలేనంత మంది, పువ్వులు చూస్తే రెండూ కేసరాల కుచ్చులే, ఆకులు చూస్తే రెండూ జంట రెక్కల ఆకులే. తేడా ఎక్కడ? దిరిసెన అంత పరుచుకోదు, మాను ఇంకొంచెం ఎత్తుకి పోయాక కొమ్మ వేస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో చూడండి, దిరిసెన ఆకంతా రాల్చేసి, గడ్డి రంగు బల్లపరుపు కాయలతో నిండి ఉంటుంది, గాలొస్తే లోపల గింజలు గలగలమంటాయి. నిద్రగన్నేరు కాయ నల్లగా, కండ పట్టి, జిగటగా ఉంటుంది, కింద పడి తొక్కితే చెప్పుకి అంటుకుంటుంది. చప్పుడు చేయదు. పశువులు ఏరుకు తింటాయి.

ఎర్ర తురాయి, పచ్చ తురాయి సంగతీ అంతే. మే నెలలో పూసినప్పుడు అందరూ చెబుతారు. నవంబరులో చెప్పాలి. ఎర్ర తురాయిది నున్నటి బూడిద మాను, గొడుగులా వంగిన కొమ్మలు, మూర పొడుగు కత్తిలాంటి నల్లటి కాయలు వేలాడుతుంటాయి. పచ్చ తురాయి నిలువు ఇంకా దట్టంగా, గుండ్రంగా ఉంటుంది, కాయలు చిన్నవి, రాగి రంగులో గుత్తులుగా పైకి నిలబడి ఉంటాయి.

తాడి, ఈత, కొబ్బరి వీటికి మాత్రం ఈ బెరడు లెక్క పనికిరాదు. అవి మిగతా చెట్లలా ఏటేటా లావెక్కవు, కాబట్టి బెరడు చీలడమన్న ప్రశ్నే లేదు. మాను మీద కనపడేవి రాలిన మట్టల గుర్తులు. ఈతకి మట్టల మొదళ్లు తెగి మాను మీదే మిగిలిపోతాయి. కల్లు గీసిన ఈతచెట్టయితే ఒక ఏడు ఒక వైపు, మరో ఏడు ఇంకో వైపు గీసిన గంట్లు మాను వెంట వంకరటింకరగా పైకి వెళుతుంటాయి, ఆ గంట్లు లెక్కపెడితే ఎన్నిసార్లు గీశారో చెప్పొచ్చు. తాడికి గెల గీస్తారు, మానుని గీయరు, అందుకని ఆ గంట్లు ఉండవు.

ఇప్పుడు అభ్యంతరాల సంగతి చూద్దాం. బోటనీ చెప్పేవాళ్లు నాతో అనే మాట ఒకటుంది: బెరడు నమ్మదగ్గది కాదమ్మా, వయసుని బట్టి మారుతుంది, నేలని బట్టి మారుతుంది, ఒకే చెట్టు మీద కింద ఒకలా పైన ఒకలా ఉంటుంది. నిజమే. లేత వేప నున్నగా ఉంటుంది, ముదురు వేప పగిలి ఉంటుంది. చదరాలుగా చీలే బెరడు నల్లమద్దికే కాదు, తునికికీ ఉంది, ఎర్రచందనానికీ ఉంది. అడవిలో బెరడు ఫొటో ఒక్కటి చూపించి ఈ మూడింట్లో ఏదో చెప్పమంటే కష్టమే. కానీ బెరడు ఒక్కటే చూడమని ఎవరన్నారు? బెరడు, నిలువు, చెట్టు నిలబడ్డ చోటు, ఈ మూడూ కలిపి చూడాలి. ఎర్రచందనం తనంతట తాను పెరిగేది కడప, చిత్తూరు, నెల్లూరు వైపు కొండల్లో. తునికి అంత భారీ చెట్టు కాదు. నల్లమద్ది తాటిప్రమాణం పోతుంది. అలా ఒక్కోటీ తీసేసుకుంటూ వస్తే చివరికి ఒక్క పేరే మిగులుతుంది. వయసుతో మారడం కూడా అడ్డంకి కాదు, ఇంకో ఆధారం. చెట్టు మొదట్లో చూసి, తల ఎత్తు దగ్గర చూసి, కొమ్మల మీద చూస్తే ఒకే చెట్టు మీద దాని ముసలితనమూ బాల్యమూ రెండూ దొరుకుతాయి. ఆకు మారదా? టేకు మొక్క ఆకుకీ ముసలి టేకు ఆకుకీ సైజులో ఎంత తేడానో చూసినవాళ్లకి తెలుసు. ఆకు మారినా నమ్ముతున్నాం, బెరడు మారితే నమ్మం అంటున్నాం. ఇది అలవాటు మాట, ఆలోచించి అన్న మాట కాదు.

ఇంత పట్టుదల దేనికంటారా? చెట్టు తలరాత తేలేది మాను దగ్గరే. రోడ్డు వెడల్పు చేయాలన్నా, కరెంటు తీగలకి అడ్డొచ్చిందన్నా ఎవరో ఒకరు వచ్చి మాను మీద నంబరు వేసి పోతారు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకి 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, బదులు మొక్కలు నాటాలి. అనుమతి అడగాలంటే ఏ చెట్టో రాయాలి. అలాంటి జాబితా ఒకటి నా కంటపడింది. వేప, మర్రి, రావి, చింత పోగా మిగతా వరసంతా "ఇతరములు". ఆ ఇతరముల్లో ఏముందో రాసినవాళ్లకి తెలియదు, సంతకం పెట్టినవాళ్లకి తెలియదు, అభ్యంతరం చెప్పడానికి వెళ్లిన మాకు తెలియాలి కదా? చెట్టు పడిపోయాక ఆకులు రెండు రోజుల్లో వాడిపోతాయి. మొద్దు, దాని మీది బెరడు నెలల తరబడి ఉంటాయి. అప్పుడైనా ఏం పోయిందో చెప్పగలగాలి. పేరు చెప్పలేని చెట్టు కోసం పోట్లాడటం ఎంత కష్టమో ఒకసారి ఆఫీసులో అర్జీ పట్టుకుని నిలబడితే తెలుస్తుంది.

కొండపల్లి వాళ్ల కష్టం దీనికి ఇంకో వైపు. బొమ్మలు చేసేది తెల్లపొణికి కర్రతో. చాలా తేలిక, మెత్తగా తెగుతుంది, రంగు బాగా పడుతుంది. పక్కనే ఉన్న కొండల్లో దొరికే ఆ చెట్టు తగ్గిపోతోందని ఆ బొమ్మలు కొనేవాళ్లలో చాలామందికి తెలుసు, ఇంట్లో దశావతారాలు పెట్టుకున్నవాళ్లలో ఆ చెట్టుని నిలబడి ఉండగా చూసి గుర్తుపట్టేవాళ్లు ఎంతమంది? మన జిల్లా పేరు దేశమంతా మోస్తున్న చెట్టుని మనమే పోల్చుకోలేం. కొండల మీద తిరిగేటప్పుడు కనీసం తపసి చెట్టునైనా చూడండి, బండల మధ్య ఆకు లేకుండా తెల్లటి మానుతో నిలబడి ఉంటుంది, బెరడు పైపొర కాగితంలా లేస్తుంది. గిరిజనులు బంక తీసి అమ్ముకునేది దాన్నుంచే. పల్చటి బెరడున్న ఇలాంటి చెట్లు కొన్ని పైపొర కింది పచ్చదనంతోనే ఆకులు రాలిన కాలంలోనూ కాస్తో కూస్తో ఆహారం చేసుకుంటాయి.

నేర్పడానికి ఖర్చేమీ లేదు. పల్చటి తెల్లకాగితం మాను మీద పెట్టి బొగ్గుతోనో రంగు పెన్సిలుతోనో పైన అడ్డంగా రుద్దితే బెరడు అచ్చు దిగుతుంది. వీధిలో ఉన్న చెట్లన్నిటి అచ్చులూ తీసి పిల్లల చేతికిచ్చి ఏది ఏ చెట్టుదో వెతుక్కురమ్మనండి. వేపకీ కానుగకీ చింతకీ తేడా వాళ్లంతట వాళ్లే చెబుతారు. కానుగ అచ్చు దాదాపు ఖాళీగా, చిన్న చిన్న బొడిపెలతో వస్తుంది, చింతది అడ్డం నిలువు గీతలతో కాగితమంతా నిండుతుంది. ఆ తరవాత ఆకు చూపించండి, పువ్వు చూపించండి, అప్పుడు ఎక్కుతుంది. ఒక్కటి గట్టిగా చెప్పాలి: గోటితో పెచ్చు తీయడం సరే, కత్తి పెట్టొద్దు. ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకి దిగే దారి బెరడు లోపలి పొరలోనే ఉంది. చుట్టూ ఒలిస్తే ఎంత మహావృక్షమైనా ఎండిపోతుంది. నీళ్ల వీడియో చూసి ప్రతి మద్దిచెట్టుకీ గాటు పెట్టి చూద్దామనుకునేవాళ్లకీ ఇదే మాట.

ఇక ఊళ్లో బెరడు చూద్దామంటే బెరడు కనపడటం లేదు, ఇది నా అసలు బాధ. నడుం ఎత్తు దాకా సున్నం, మధ్యలో ఎర్రటి గేరు రంగు పట్టీ. ఆ పైన ఫ్లెక్సీలకి కొట్టిన మేకులు, సీరియల్ బల్బుల తీగలు, ఎప్పుడో మొక్కగా ఉన్నప్పుడు పెట్టి మళ్లీ తీయని ట్రీగార్డు ఊచలు మానులో పూడిపోయి ఉంటాయి. మొదలు చుట్టూ సిమెంటు. రాత్రిపూట బండ్ల వాళ్లకి మాను కనపడాలని సున్నం వేస్తారని తెలుసు, మలుపుల్లో, రోడ్డు అంచున ఉన్న చెట్లకి అది అవసరమే. పార్కు లోపల, బడి ఆవరణలో, కాలవ గట్టు మీద నడకదారి పక్కన ఉన్న చెట్లకి ఏ బండి వచ్చి గుద్దుతుంది? ఎవరైనా పెద్దవాళ్లు వస్తున్నారంటే చాలు రాత్రికి రాత్రి అన్నిటికీ ఒకే రంగు పులిమేస్తున్నారు, తెల్లారేసరికి తెల్లమద్దీ వేపా నిద్రగన్నేరూ ఒక్కలాగే కనపడతాయి. మీ కాలనీ సంఘంలోనో బడి కమిటీలోనో మీ మాట చెల్లుతుంటే ఈ ఏడాది రంగుల పని వచ్చినప్పుడు లోపలి చెట్లని వదిలేయమని చెప్పండి. మేకులు, తీగలు, బిగిసిపోయిన ట్రీగార్డులు తీయించండి. ఆ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదంటే మొదట ఒక్క చెట్టుకి మీరే తీసేయండి, ఊచ బాగా లోపలికి పూడిపోయి ఉంటే మాత్రం లాగొద్దు, బయటికి ఉన్నంత మేర కోయించి వదిలేయండి.